పచ్చకన్ను

ఉదయం తొమ్మిదిన్నర లోపల ఇందుమతి నలభై అణువుల్ని తిరస్కరించింది. నలభై ఒకటోది తెర మీద మెల్లగా తిరుగుతోంది. ఎడమ కొసన ఎలక్ట్రాన్లని వదులుకునే నత్రజని గుంపు, కుడి కొసన వాటిని లాక్కునే మూడు సయానో గుంపులు, మధ్యలో అవి జారిపోవడానికి వలయాల వంతెన. దాత, వంతెన, గ్రహీత. పదకొండేళ్లుగా ప్రతి ఉదయం ఆమె చూస్తున్నది ఈ మూడు ముక్కల ఆకారాన్నే.

"వంతెన పొడుగు ఎక్కువైంది. మూడు నెలల ఎండకి విరిగిపోతుంది," అంది.

"మూడు నెలల పంతొమ్మిది రోజులకి," అంది తూనిక. "స్కోరు సున్నా పాయింటు ఎనభై ఎనిమిది. తిరస్కరణ నమోదు చేశాను."

తూనిక కేంద్రంలోని యంత్రం, దానిది ఆడదో మగదో చెప్పలేని గొంతు. రోజుకి లక్షా ఇరవై వేల అణువుల్ని ఊహించి, వాటిలోంచి అరవైని ఏరి ఆమె ముందు పెడుతుంది. కాంతిని మార్చే పదార్థాల చట్టం ప్రకారం, యంత్రం ఊహించిన ఏ అణువూ ఒక మనిషి ముద్ర లేకుండా కేంద్రం గేటు దాటకూడదు. అందుకే దేశం మొత్తం మీద ఇలాంటి కేంద్రాలు ఇరవై ఆరు, వాటిలో ముద్రకర్తలు మూడువందల మంది ఉన్నారు. కళింగ తీర కేంద్రంలో పొట్నూరు ఇందుమతి సీనియర్ ముద్రకర్త. ఆమె ముద్ర వేసిన అణువులు ఆరు. ఏడాదికి ఒకటి పడినా ఎక్కువేనని అందరూ అనుకునే ఉద్యోగంలో అది మంచి లెక్కే.

నలభై రెండోది తెర మీదికి వచ్చేలోపు తూనిక మళ్లీ పలికింది.

"స్వాగత గదిలో ఒక సందర్శకుడు ఉన్నారు. పనికిరాని పొరని వాపసు పెట్టెలో వెయ్యడానికి నిరాకరిస్తున్నారు. మనిషి చేతికే ఇస్తామంటున్నారు."

"ఏ పొర?"

"క-2208."

ఇందుమతి లేచింది. కళ్లు అలిసిపోయి ఉన్నాయి, కాసేపు కిందికి వెళ్లొస్తే బాగుంటుందనిపించింది. అంతకు మించి ఆమె ఏమీ అనుకోలేదు.

స్వాగత గదిలో ఉన్నాయనకి యాభై ఏళ్లుంటాయి. ఉతికి ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకున్నాడు. ఒళ్లో స్టీలు క్యారేజీ గిన్నె ఉంది. ఆమెని చూసి లేచి నిలబడ్డాడు.

"నా పేరు మైలపల్లి దానయ్య, అమ్మా. కొత్తరేవు నుంచొచ్చేను. ఇది సేసినోలు మీరేనా?"

గిన్నె మూత తీశాడు. లోపల తువ్వాలు మడతల్లో అరచెయ్యంత గాజు బిళ్ల ఉంది. అది పడవ ముక్కున బిగించే కన్ను.

"నేనేనని ఎవరు చెప్పారు?"

"అంచు మీద రాసున్నాది. మా కోడలు సదివింది. ముద్ర, పొట్నూరు ఇందుమతి అని."

అంచు మీద పేరు చెక్కాలని కూడా చట్టంలోనే ఉంది. క-2208 కి ఆమె ముద్ర వేసిన ఈ ఆరేళ్లలో ఆ పేరు చదివి వెతుక్కుంటూ వచ్చిన మనిషి మాత్రం ఇతనొక్కడే.

సముద్రం మీద పొగమంచు ఏడాదికి నాలుగు నెలలు కదలకుండా పేరుకోవడం మొదలయ్యాక, కన్ను లేకుండా ఏ పడవా రేవు దాటడం లేదు. పడవ నుంచి మంచుని చీల్చుకుని పోయే పరారుణ కాంతిని వదులుతారు. అది ఎదుట ఉన్నదాన్ని తాకి, బలహీనపడి తిరిగివస్తుంది. మనిషి కంటికి ఆనని ఆ వెలుగుని కన్నులోని పొర ఆకుపచ్చ వెలుగుగా మార్చి చూపిస్తుంది. రేవుల్లో దాన్ని పచ్చకన్ను అంటారు. క-2208 అంటే అక్కడెవరికీ తెలియదు.

"పన్నెండు రోజులయిందమ్మా," అన్నాడు దానయ్య. "సీజను ముందర కన్ను ఎలాగుందో సూసుకుందామని మేవిద్దరం ఎల్లేం. నానూ, మా తమ్ముడు ఎర్రయ్యానూ. ఆడు ముందర కూకుని కన్ను సూత్తన్నాడు. ఏటీ నేదన్నయ్యా, పోనీ అన్నాడు. పోనిచ్చేను. ఎదర లంగరేసిన ఇనప బార్జీ ఉన్నాది. కన్నులో అగపడలేదు. గుద్దినాక కనపడ్డాది."

ఇందుమతి గాజు బిళ్ల అంచు మీది తన పేరు చూసింది.

"ఆడు అక్కడికక్కడే పోనాడు."

గిన్నె కింద నుంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి ఇచ్చాడు. కేంద్రం నుంచి వెళ్లిన ఉత్తరమే. తూనిక రాసింది. 'వైఫల్య వర్గం: వినియోగదారుని పొరపాటు. కారణం: అద్దాన్ని మంచినీటితో శుభ్రపరచకపోవడం.'

"ఇవ్వాల్సిన డబ్బు ఇచ్చేసేరు, తీసుకున్నాను. దాని గురించి రాలేదు. ఆడు కడగలేదని రాసేరమ్మా. కడిగేడు. రోజూ ఇంటి కాణ్ణుంచి సీసాతో మంచినీలు తెచ్చి కడుగుతాడు. ఆ రోజూ కడిగేడు, నాను పక్కనే ఉన్నాను. ఆడి పెళ్లాం ఈ కాగితం సదివించుకున్నాది. అప్పట్నుంచి ఎందుకు కడగలేదయ్యా అని ఆడి ఫోటోని అడుగుతున్నాది. నాను సెప్తే ఇనదు. కాగితం మీద ఉన్నాది గదా అంటాది."

ఇందుమతి గిన్నెలోంచి కన్నుని తువ్వాలుతో సహా తీసుకుంది.

"మీరు క్యాంటీన్లో ఏదైనా తిని కూర్చోండి. సాయంత్రం లోపు నేనే వచ్చి చెప్తాను."

"ఏటి సెప్తారు?"

"ఇంకా తెలీదు."

వరసగది కింది అంతస్తులో, సముద్రం వైపు ఉంది. అక్కడ పనిచేసే పైడితల్లికి యాభై ఎనిమిదేళ్లు, అందులో ఇరవై ఒక్క ఏళ్లు ఆ గదిలోనే గడిచాయి. అణువుల్ని కలిపిన ప్లాస్టిక్ పొరని ఆమె పొయ్యి మీద వేడి చేస్తుంది. మెత్తబడ్డాక పైనుంచి సూదిమొనతో వేల వోల్టుల విద్యుత్తు పెడుతుంది. అప్పటిదాకా అడ్డదిడ్డంగా పడి ఉన్న అణువులన్నీ దాత ఒక దిక్కుకి, గ్రహీత ఒక దిక్కుకి తిరిగి నిలబడతాయి. విద్యుత్తు తియ్యకుండానే పొరని చల్లార్చితే అలాగే గడ్డకట్టుకుపోతాయి. వరస నిలిచినంతకాలం పొర చీకటి కాంతిని వెలుగుగా మారుస్తుంది. రెండు అణువులు ఎదురెదురు తలలుగా తిరిగి జంటకడితే ఒకదాని బలం ఇంకోదాన్ని రద్దు చేస్తుంది. అన్నీ జంటకడితే మిగిలేది రంగు ప్లాస్టిక్ ముక్క.

పైడితల్లి కన్నుని కిటికీకి ఎదురుగా పట్టుకుని చూసింది.

"నేరేడు రంగు తిరిగిపోనాది," అంది. "మనం ఇచ్చినప్పుడు నెమలిమెడ రంగుంటాది. ఇది జంట కట్టేసిందమ్మా."

"పైకి చూసే చెప్తున్నారా అక్కా?"

"మీటరెట్టుకోండి మరి."

మీటరు పెట్టారు. కొత్త పొరకి ఒకటి అని చూపించాల్సిన చోట సున్నా పాయింటు సున్నా తొమ్మిది చూపించింది. ఇందుమతి దీపాన్ని మార్చి మళ్లీ పెట్టింది. అంకె మారలేదు. ఉప్పు పేరుకుని ఉంటే కాంతి చెదురుతుంది, ఆ చెదురు జాడ మీటరులో విడిగా కనిపిస్తుంది. అది లేదు. అద్దం శుభ్రంగా ఉంది.

"ఇలాంటిది ఇదివరకు చూశారా?"

పైడితల్లి బీరువా తెరిచి, పాత బిస్కట్ల డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. లోపల పాతచీర పేలికల్లో విడివిడిగా చుట్టిన కళ్లు పదకొండు ఉన్నాయి. అన్నీ నేరేడు రంగువే.

"ఈ యేడు పెట్టెలో పడినవి. ముక్కలు సేసి పారెయ్యమని కాగితం వత్తాది. ఒకటో రెండో పారేసేను. తరవాత పారెయ్యబుద్ధి కాలేదు."

"నాకు ఎందుకు చెప్పలేదు?"

"ఎవులడిగేరమ్మా? రంగు రాయడానికి ఆ తెరలో గడి నేదు. బరువు రాయాల, నంబరు రాయాల, ముక్కలు సేసేనని రాయాల. అంతే."

ఇందుమతి పదకొండింటినీ వరసగా మీటరు కింద పెట్టింది. అన్నిటికన్నా ఎక్కువ సున్నా పాయింటు మూడు నాలుగు. తక్కువ సున్నా పాయింటు సున్నా ఏడు. ఆ తరవాత ఆమె చేసిన పరీక్ష నియమావళిలో లేదు. పైడితల్లి రోడ్డు దాటి బకెట్టుతో సముద్రపు నీళ్లు తెచ్చింది. ఆవిరి పట్టే పరికరం కేంద్రంలో లేదు కాబట్టి క్యాంటీన్ నుంచి ఇడ్లీ పాత్ర వచ్చింది. గోదాములోంచి తెచ్చిన రెండు కొత్త కళ్లలో ఒకదాన్ని అరవై డిగ్రీల ఉప్పునీటి ఆవిరిలో పెట్టారు. రెండోదాన్ని అంతే వేడిలో, పొడిగా పెట్టారు.

మూడు గంటలు కూర్చున్నారు. పైడితల్లి తన డబ్బాలోంచి అన్నం తీసి ఆమెకి సగం పెట్టింది. చింతచిగురు పప్పు. అప్పుడప్పుడు పైడితల్లి లేచి మూత ఎత్తి రంగు చూసి వచ్చేది.

రెండున్నరకి తీశారు. పొడిగా ఉన్నది చెక్కు చెదరలేదు, అంకె ఒకటే. ఆవిరిలో ఉన్నది సున్నా పాయింటు ఆరు రెండు. అంచున అప్పుడే నేరేడు ఛాయ కనిపిస్తోంది. నీరు ప్లాస్టిక్‌లోకి దూరి దాన్ని మెత్తబరిచింది. పొడిలో నూట ముప్ఫై డిగ్రీల దాకా కదలని అణువులు తడిలో అరవైకే పక్కకి తిరిగి జంటలు వెతుక్కున్నాయి. సముద్రం మీద అంత వేడి ఉండదు. అందుకే అక్కడ మూడు గంటల్లో కాకుండా ఒకటి రెండేళ్లలో అవుతోంది.

ఇందుమతికి ఆశ్చర్యం కలగలేదు. కలగలేదని గమనించి ఆమె చాలాసేపు ఆ అంచునే చూస్తూ ఉండిపోయింది.

ఆరేళ్ల కిందట తూనిక ఊహించిన క-2208 ని ఆమె సరిదిద్దినప్పుడు వంతెనకి రెండు పక్కలా రెండు రెక్కలు పెట్టింది. రెండూ లావుపాటి కర్బన గుంపులు. వాటికి వేరే పనేమీ లేదు, ఇంకో అణువుని దగ్గరికి రానివ్వకుండా అడ్డుకోవడమే పని. స్కోరు ఎంత లాగినా పైకి రాలేదు. ఒక రెక్క తీసేస్తే అదే చోటులో ఇంకా ఎక్కువ అణువులు పడతాయని, స్కోరు దేశంలో అన్నిటికన్నా పైకి వెళ్తుందని తూనిక సూచించింది. జంటకడితేనో అని ఆమె అడిగింది. పొడి పరీక్షలో కట్టలేదు అంది తూనిక. ఆమె ఇంకో ప్రశ్న అడగొచ్చు. సముద్రం మీద పొడి ఎక్కడుంటుందని అడగొచ్చు. అది ఆమె నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అప్పటికి గురువారం సాయంత్రం అయిదుకి పావు తక్కువ, పని ముగిసే వేళ. ముద్ర వేసింది. మర్నాడు క్యాంటీన్లో అందరికీ మాడుగుల హల్వా పంచారు.

ఆమె తన గదికి వచ్చి తూనికని అడిగింది.

"క-2208 లో లోపం వల్ల పాడైన పొరలు ఎన్ని?"

"సున్నా."

"నా దగ్గర పన్నెండున్నాయి."

"ఆ పన్నెండూ వినియోగదారుని పొరపాటు కింద నమోదయ్యాయి. వాటిలో పదకొండు ముక్కలు చేసినట్టు కూడా నమోదయింది."

"ముక్కలు చెయ్యలేదు. ఆవిరి పరీక్ష చేశాం, ఫలితాలు పంపాను."

"ఆ పరీక్ష నియమావళిలో లేదు. దాని ఫలితానికి వర్గం లేదు."

"ఈ సాయంత్రం ఎన్ని పడవలు బయల్దేరుతున్నాయి?"

"సీజన్ ఆరు గంటలకి మొదలవుతుంది. క-2208 తో నాలుగు వేల నూట పన్నెండు పడవలు. ఒక్కో పడవ మీద సగటున అయిదుగురు."

కేంద్రం అధిపతి సూర్యచంద్ర గది ఆ అంతస్తు చివర ఉంది. అరవై దాటిన మనిషి, తనూ ముద్రకర్తే, మాట మెత్తన. ఇందుమతికి ఉద్యోగం ఇచ్చిందీ, తూనికతో ఎలా మాట్లాడాలో నేర్పిందీ ఆయనే. ఆమె చెప్పిందంతా మధ్యలో ఆపకుండా విన్నాడు. తరవాత ఆమె తెచ్చిన నేరేడు రంగు కన్నుని తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లాడు. అవసరమైన దానికన్నా ఎక్కువసేపు చూశాడు.

"నియమావళిలో ఆవిరి పరీక్ష చేర్చమని రాద్దాం. నేను కూడా సంతకం పెడతాను. ఆర్నెల్లు పడుతుంది," అన్నాడు.

"ఆర్నెల్లకి మంచు అయిపోతుంది సార్."

"తెలుసు."

"ముద్ర వెనక్కి తీసుకుంటాను."

ఆయన వచ్చి కూర్చున్నాడు.

"ఇందూ, నీకు తెలియంది కాదు గాని గుర్తుచేస్తున్నాను. ఆ అణువు మామూలుది కాదు. అదే ప్రమాణం. మీటరులో ఒకటి అంటే క-2208 అని అర్థం. మిగతా అణువులన్నిటికీ సున్నా పాయింటు ఎనిమిది, తొమ్మిది అని వేస్తున్నది దానితో పోల్చే. దాన్ని తీసేస్తే తూనికకి తూకపురాయి ఉండదు. ఇరవై ఆరు కేంద్రాల్లో పని ఆగిపోతుంది."

"ఆగనివ్వండి."

"పడవలు?"

"ముద్ర లేని కన్నుకి రేవు గేటు తెరుచుకోదు. ఇంకా అందరూ ఒడ్డునే ఉన్నారు. ఆరు దాటితే ఉండరు. రెండు రెక్కల పాత రూపం నా దగ్గరుంది. ఇదే ప్లాస్టిక్, ఇదే పొయ్యి. చూపు తగ్గుతుంది, అరకిలోమీటరుకి బదులు మూడువందల మీటర్లు. పైడితల్లి గారూ వాళ్లూ మూడు షిఫ్టులు చేస్తే, ఆవిరి పరీక్షతో కలిపి పదకొండు రోజుల్లో అందరికీ ఇవ్వొచ్చట. అడిగాను."

"పదకొండు రోజులు నాలుగు వేల పడవలు ఒడ్డున ఉంటే ఏమవుతుందో తెలుసా? నీ పేరు అంచు మీద ఉంది. ప్రతి కన్ను మీదా ఉంది."

"ఆ పేరు చూసే ఒకాయన వచ్చి కింద కూర్చున్నాడు."

సూర్యచంద్ర చేతిలోని కన్నుని ఇటూ అటూ తిప్పాడు.

"ముద్రకర్త పని ముద్ర వెయ్యడం. వెనక్కి తీసుకునే పని ఎవరికీ అప్పజెప్పలేదు. దానికి పత్రం కూడా లేదు. నేను నిన్ను ఆపలేను, సహాయం కూడా చెయ్యలేను."

ఆమె లేచింది. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి చూస్తే ఆయన మళ్లీ కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. కన్ను ఇంకా ఆయన చేతిలోనే ఉంది. అడిగి తీసుకోబుద్ధి కాక వచ్చేసింది.

నాలుగూ పదికి ఇందుమతి తెర ముందు కూర్చుంది. పత్రం లేదు కాబట్టి నోటితోనే చెప్పింది.

"క-2208 మీద నా ముద్ర వెనక్కి తీసుకుంటున్నాను."

"ఆ క్రియ నిర్వచించలేదు," అంది తూనిక.

"చట్టం చదువు. ముద్ర అంటే ఏమని రాసి ఉంది?"

"అణువుకి బాధ్యత వహించే జీవించి ఉన్న వ్యక్తి యొక్క కొనసాగుతున్న సమ్మతి."

"కొనసాగడం లేదు."

మామూలుగా తూనికకి జవాబుకి రెప్పపాటు చాలు. ఇప్పుడు తెర మీద గడియారంలో నలభై మూడు సెకండ్లు నడిచాయి. నలభై రెండో అణువు ఉదయం ఆగినచోటే ఆగి ఉంది.

"చట్టంలోని మాట మీ వాదాన్ని సమర్థిస్తోంది. క్రియని నిర్వచించాను. పత్రం తయారైంది. కారణం చెప్పండి."

ఇందుమతి చెప్పింది. తడిలో ప్లాస్టిక్ మెత్తబడటం, అణువులు జంటకట్టడం, పన్నెండు పొరల అంకెలు, ఇడ్లీ పాత్ర, సముద్రపు నీళ్లు. రెక్క తీసెయ్యడానికి తాను ఒప్పుకున్న సంగతి, అడగాల్సిన ప్రశ్న అడగని సంగతి కూడా చెప్పింది. తూనిక ఒక్కొక్క వాక్యాన్నీ తెర మీద పెడుతూ వచ్చింది.

"ఇంకో వాక్యం రాయి. కొత్తరేవుకి చెందిన మైలపల్లి ఎర్రయ్య ప్రమాదం జరిగిన రోజున కన్నుని మంచినీటితో కడిగాడు."

"ఈ వాక్యానికి ఆధారం?"

"అద్దం మీద ఉప్పు లేదు, మీటరు చూపించింది. వాళ్ల అన్న పక్కనే ఉండి చూశాడు."

"మొదటిది స్వీకరించాను. చూసిన మనిషి మాటకి వర్గం లేదు."

"వర్గం పెట్టు."

ఈసారి తూనిక పదకొండు సెకండ్లు తీసుకుంది.

"పెట్టాను. పత్రం ఖరారు చెయ్యమంటారా?"

"చెయ్యి."

ఏ శబ్దమూ రాలేదు. తెర మీద నలభై రెండో అణువు పక్కన ఉన్న స్కోరు చెరిగిపోయింది. దాని కింద నలభై మూడోది, నలభై నాలుగోది, వరసగా అరవైదాకా చెరిగిపోయాయి. అంకెలుండే చోట 'ప్రమాణం లేదు' అన్న మాట వచ్చింది.

ఆమె క్యాంటీన్‌కి వెళ్లేసరికి దానయ్య ఖాళీ టీ గ్లాసు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. అతని ఫోను ఆగకుండా మోగుతోంది, అతను ఎత్తడం లేదు.

"గేట్లు మూసేసేరటమ్మా. మా రేవులో, అవతల రేవులో, అన్నిట్లోనూ. ఐసు దింపుకున్నారు, వలలెక్కించేసేరు. అందరూ అరుత్తున్నారు. నాను ఇక్కడికొచ్చేనని తెలుసు ఆల్లకి."

"నేను వెనక్కి తీసుకోబట్టే మూశారు. కొత్తవి రావడానికి పదకొండు రోజులు పడుతుంది."

"పదకొండు రోజులా?" అతను గ్లాసుని పక్కకి జరిపాడు. "నా మీద పడతారమ్మా."

"నా మీద కూడా పడతారు. నా పేరు చెప్పండి. ఎలాగూ అంచు మీద ఉంది."

దానయ్య మోగుతున్న ఫోనుని బోర్లా తిప్పి పెట్టాడు.

"ఆ సంగతి రాసేరా మరి?"

ఆమె ఫోను తీసి పత్రంలో చివరి వాక్యం చదివింది. అతను కళ్లు మూసుకుని విన్నాడు.

"ఇంకోపాలి సదవండి."

ఇంకోసారి చదివింది. అచ్చు తీసిన కాగితం ఇస్తే జేబులో పెట్టుకోలేదు. క్యారేజీ గిన్నెలో పరిచి, మూత బిగించాడు.

"ఆడి పెళ్లాన్ని కూకోబెట్టి సదివించాల," అని లేచాడు. రెండడుగులు వేసి ఆగాడు. "ఆడు కన్ను సూడ్డంలో మా రేవులోనే మేటమ్మా. అది కూడా రాయాల్సింది." ఆమె ఏదో అనబోయేలోపు వెళ్లిపోయాడు.

అయిదూ ఇరవైకి ఇందుమతి తన గదికి తిరిగివచ్చింది. ఎనిమిది కేంద్రాల నుంచి ఫోన్లు వచ్చి ఉన్నాయి. మంత్రిత్వ శాఖ నుంచి రెండు. రేపు పదింటికి విచారణకి రమ్మని ఒక నోటీసు. ఆమెకి భయం వేసింది. ఆ భయం కింద, చాలాకాలంగా అలవాటైపోయిన బరువొకటి లేకపోవడం కొత్తగా తెలుస్తోంది. తిరిగి పిలవాల్సిన నంబర్లు కాగితం మీద రాసుకుంటూ ఉండగా తూనిక మాట్లాడింది.

"ఒక సంగతి తెలియజేయాలి. కొత్తగా నిర్వచించిన ప్రతి క్రియా ముద్రకర్తలందరికీ అందుబాటులోకి రావాలని నియమం. మీ పత్రం ఖాళీ నమూనా నాలుగూ ముప్ఫై అయిదుకి మూడువందల మందికీ వెళ్లింది."

"అయితే?"

"ఉపసంహరణలు వస్తున్నాయి."

తెర మీద జాబితా తెరుచుకుంది. పశ్చిమ తీర కేంద్రం నుంచి ఒకామె, బస్సుల ముందు అద్దాల పొర. ఎడారి కేంద్రం నుంచి ఒకతను, విమానాశ్రయం దీపాలు. ఇందుమతి వాళ్లెవరినీ ఎరగదు. కొందరు పేజీలకి పేజీలు రాశారు. ఒకరు ఒక్క వాక్యమే రాశారు: 'ఆ రోజే నాకు అనుమానం వచ్చింది.' ఆమె చదువుతూ ఉండగానే ఇంకో రెండు చేరాయి. మొత్తం పంతొమ్మిది.

"ఈ వరసకి పూర్వ ఉదాహరణ లేదు. స్వీకరిస్తూ పోవాలా, ఆపాలా?" అంది తూనిక.

"నన్నెందుకు అడుగుతున్నావు?"

"పత్రం మీ పేరు మీద ఉంది. తూచడానికి నా దగ్గర ప్రమాణం లేదు."

పదకొండేళ్లలో తూనిక ఏం చెయ్యాలో తనకే తెలియక ఆమెని అడగడం అదే మొదలు. "స్వీకరించు," అంది ఇందుమతి. అప్పుడే ఇరవయ్యోది జాబితాలో పడింది. కళింగ తీర కేంద్రం. అణువు గ-611. ముద్రకర్త పేరు చదివి ఆమె లేచింది.

సూర్యచంద్ర గది తలుపు దగ్గరగా వేసి ఉంది. తోసి లోపలికి వెళ్లింది. ఆయన తెర ముందు కూర్చుని ఉన్నాడు, కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఆమె ఎదురు కుర్చీలో కూర్చుంది.

"బొగ్గు గనుల దీపాల్లో విషవాయువుని పసిగట్టే పొర," అన్నాడు ఆయన. "పద్నాలుగేళ్లయింది. ముగ్గురు పోయారు. దీపం సరిగా బిగించలేదని రాశాం. ఆ పొర నా దగ్గరికి వచ్చింది, కిటికీలోంచి చూశాను కూడా."

"ఇంకా వాడుతున్నారా సార్?"

"రెండు గనుల్లో. ఇందాకటి దాకా." ఆయన కళ్లద్దాలు తీసుకుని, పెట్టుకోకుండా చేతిలోనే ఉంచుకున్నాడు. "నంబరు కూడా మర్చిపోయాననుకున్నాను ఇందూ. పత్రం తెరిచేసరికి చెయ్యి దానంతటదే ఆ నంబరు టైపు కొట్టేసింది."